చీమలు మోసిన బాణం

కొవ్వూరు యెహెజ్కేలుకి భయమంటే ఏమిటో తెలియదు. నా మాట మీద నమ్మకం లేకపోతే గోదావరికి ఆ ఒడ్డునా ఈ ఒడ్డునా ఎవర్నైనా అడిగి చూడండి. హెడ్డు కానిస్టేబులుగా ఉన్న రోజుల్లో పోలవరం అడవిలో ఎలుగుబంటి ఎదురుపడితే, దాన్ని నిలబెట్టి పేరూ ఊరూ అడిగి, మళ్లీ ఈ దారిలో కనబడితే బాగోదని చెప్పి పంపేసిన మనిషి. ఉద్యోగం అయిపోయాక కొవ్వూరులో సైకిలు షాపు మీద గది తీసుకుని డిటెక్టివ్ బోర్డు కట్టాడు. ఆ బోర్డు చూసి దొంగలు సైకిళ్లు ఎత్తుకెళ్లడం మానేశారు. షాపువాడు సంతోషించి అద్దె తగ్గించాడు.

అటువంటి యెహెజ్కేలు, రెండువేల నాలుగో సంవత్సరం జూన్‌లో ఒక ఆదివారం మధ్యాహ్నం, తణుకు దిగువనున్న వేలిచర్ల దివాణం ముంగిట్లో అంబాసిడరు కారు దిగాడు. కారు పంపింది జానకీదేవి గారు. దివాణానికి ఇప్పుడు పెద్ద ఆవిడే. పెద్దకొడుకు పోయాడు. అతని కూతురు గీతికని ఆవిడే పెంచింది. ఆ గీతిక ఆ పొద్దున చీకటి విడుతుండగా పరుగుకని వెళ్లి, తిరిగి రాలేదు.

దొంగ వెంటపడితేనో, కుక్క వెంటపడితేనో తప్ప మనం పరిగెత్తేవాళ్లం కాదు. ఇప్పుడు అలా కాదు. తణుకులో పాతికమంది కుర్రాళ్లూ అమ్మాయిలూ ఒక సంఘం పెట్టుకున్నారు. ఆదివారం ఆదివారం ఫారెస్టు వాళ్ల వనంలో మొదలుపెట్టి, టేకు చెట్ల మధ్య నుంచి దివాణం వెనక ప్రహరీ దాటి, పాత మామిడి తోటలోంచి పరిగెత్తి రోడ్డెక్కుతారు. ఒకప్పుడు ఆ వనం కూడా దివాణానిదే. తోటలో రొయ్యల చెరువులు తవ్వకుండా, ఎప్పటికీ పరుగుబాటగా ఉంచేస్తానని జానకీదేవి గారు మనవరాలికి మాటిచ్చారు.

కారు తోలుకొచ్చిన అమ్మిరాజు తలుపు తీస్తూ, "పొద్దున్నించీ వెతుకుతూనే ఉన్నారండి. చెప్పు ముక్క కూడా దొరకలేదండి," అన్నాడు.

వరండాలో సర్కిల్ ఇన్‌స్పెక్టరు పల్లంరాజు కుర్చీలో వెనక్కి వాలి మజ్జిగ తాగుతున్నాడు. ఒకప్పుడు యెహెజ్కేలు ఆయన కిందే పనిచేశాడు.

"ఏంటయ్యా యెహెజ్కేలూ, ఇంకా ఉన్నావా?"

"పెన్షను వస్తోందండి. వదులుకోలేక ఉన్నానండి."

"నీకు అనవసరంగా శ్రమ. కేసు అయిపోయింది. రవితేజ అని, వీళ్ల పరుగు దారి గీసేవాడు. వాడే."

"అమ్మాయి దొరికిందాండి?"

"అది వాడి చేత చెప్పించడమే మిగిలింది."

"అంటే అయిపోలేదన్నమాటండి."

పల్లంరాజు గ్లాసు కింద పెట్టాడు. "విను. దారి ఎటో ముందురోజు సాయంత్రం సున్నంతో బాణాలు గీస్తాడు వాడు. అన్ని బాణాలూ ఉన్నాయి. మామిడి తోట చివర రెండు దారులు చీలిన చోట మాత్రం లేదు. ఎందుకు లేదు? అమ్మాయిని తప్పుదారి పట్టించి, తరవాత చెరిపేశాడు. అందరికన్నా ముందు పరిగెత్తేది ఆ అమ్మాయి. తరవాత వచ్చేది వీడు. మధ్యలో ఎవరూ లేరు. ఇంకేం కావాలి నీకు?"

"అమ్మాయి కావాలండి," అన్నాడు యెహెజ్కేలు.

జీపు వెనక సీట్లో రవితేజ పరుగు బట్టల్లోనే కూర్చుని ఉన్నాడు. పాతికేళ్లుండవు. పెదవి చిట్లింది. ఎవరు చిట్లించారో యెహెజ్కేలు అడగలేదు. పక్కన కూర్చుని, సున్నం దేనితో గీస్తావని అడిగాడు.

"డబ్బాకి చిల్లులు పెట్టి దులుపుతానండి. అదిగో, జీపులోనే పడేశారు."

పాల డబ్బా అది. అడుగున మేకుతో పొడిచిన చిల్లులు. యెహెజ్కేలు బూటు మీద ఒకసారి దులిపి చూశాడు. నాలుగు వేళ్ల వెడల్పున మచ్చలు మచ్చలుగా పడింది.

"చీలిక దగ్గర ఎటు గీశావు?"

"ఎడం వైపండి, దివాణం ముంగిట్లోకి. కుడి దారి కాలవ గట్టుకి పోతుంది. అటు ముళ్లకంప తప్ప ఏమీ లేదండి."

"నువ్వొచ్చేసరికి బాణం ఉందా?"

రవితేజ తల దించుకున్నాడు. "చూళ్లేదండి. గీసినవాణ్ని నేనే కదండి, నాకు బాణం దేనికి? నా వెనకాలవాళ్లు నా వీపు చూసి వచ్చేశారు."

"మరి అమ్మాయి?"

"గీతిక మాకెప్పుడూ అందదండి. మొదలైన కాసేపటికే కనబడదు. ఒంటరిగా ముందుంటుంది కాబట్టి బాణాన్ని చూసుకునే వెళ్లాలి. మాలో ఒక కట్టుబాటు ఉందండి. బాణం ఎటు చూపిస్తే అటే. ఆగకూడదు, అడగకూడదు. పైగా నేను…" చిట్లిన పెదవి చేత్తో తుడుచుకున్నాడు. "ఈ వారం మీరెవరూ కల్లో కూడా అనుకోని చోటు నుంచి తీసుకెళ్తానని అందరి ముందూ గొప్పలు పోయానండి. ముంగిట్లోంచి అని నా ఉద్దేశం. ఎప్పుడూ వెళ్లలేదు కదా అని."

యెహెజ్కేలు జీపు దిగబోతుంటే చొక్కా పట్టుకున్నాడు.

"బతికే ఉంటుందాండి?"

యెహెజ్కేలు ఆ చెయ్యి మెల్లగా విడిపించుకున్నాడు. జవాబు తెలియనప్పుడు మాట్లాడకపోవడం పోలీసు ఉద్యోగం నేర్పిన ఒకే ఒక్క మంచి అలవాటు.

దారి మొదటి నుంచీ చూడాలని వనంలోకి ఒక్కడే వెళ్లాడు. పొద్దున పాతికమంది పరిగెత్తిన చోటు, పోలీసులు కలియదిరిగిన చోటు, ఇప్పుడు నరమానవుడు లేడు. టేకు చెట్లు వరసలు వరసలుగా నిలబడ్డాయి. ఏ వరస వెంట చూసినా చివర చీకటి గుంట ఒకటి కనబడుతోంది. గాలి లేదు. పక్షి కూత లేదు. కింద ఎండుటాకులు అప్పడాల్లా పరుచుకుని, అడుగేస్తే ఫెళ్లుమంటున్నాయి.

కొంత దూరం పోయాక ఆ ఫెళ్లు రెండుగా వినబడింది. తన అడుగుది ఒకటి. వెనక నుంచి ఇంకొకటి.

యెహెజ్కేలు ఆగాడు. వెనకదీ ఆగింది. నాలుగు అడుగులు వేశాడు. వెనకవీ నాలుగు పడ్డాయి.

మొదట్లో ఈ మనిషికి భయం తెలియదని నేను చెప్పిన మాట మీకు గుర్తుండే ఉంటుంది. అది ఉత్త కోత. యెహెజ్కేలు బల్లి మీద పడితే లుంగీ వదిలేసి పరిగెత్తే రకం. పోలవరంలో ఎలుగుబంటి ఎదురుపడ్డ మాట నిజమే కానీ, పేరూ ఊరూ అడిగింది ఎవరో కచ్చితంగా చెప్పలేను, ఎందుకంటే ఈయన అప్పటికే చెట్టు మీద ఉన్నాడు. ఇప్పుడూ కళ్లు దగ్గర్లో ఎక్కదగిన చెట్టు కోసమే వెతికాయి. టేకు చెట్టుకి కింద కొమ్మలుండవు. వెనక్కి తిరిగి చూడడానికి మెడ ఒప్పుకోవడం లేదు.

"భయపెట్టేశానాండి?" అంది వెనక గొంతు, మెత్తగా.

తెల్ల పంచె, భుజాన కండువా, నుదుట బొట్టు. జానకీదేవి గారి రెండో కొడుకు శ్రీనివాసరాజు. గీతికకి బాబాయి. భీమవరం వైపు రొయ్యల చెరువులున్నాయి ఆయనకి.

"మీరొక్కరే వెళ్తున్నారని తోడొచ్చానండి. పిలుద్దామనుకున్నాను, ఏదో ఆలోచనలో ఉన్నారు కదా అని ఊరుకున్నాను."

"మీరు పొద్దున ఎక్కడున్నారండి?" యెహెజ్కేలు గొంతు తనకే కొత్తగా వినిపించింది.

"ఈవేళ నాన్నగారి ఆబ్దికమండి. తెల్లారకుండానే తలస్నానం చేసి, అప్పట్నుంచీ అదే హడావిడి. పీట మీంచి లేచేసరికి పిల్ల కనబడ్డం లేదన్నారు." కండువాతో కళ్లొత్తుకున్నాడు. "మా అన్నయ్య గుర్తు అదొక్కతే. ఎలాగైనా వెతికి పెట్టండి. నిన్న విజ్జేశ్వరం ఆనకట్ట దగ్గర కాలవలకి నీళ్లు వదిలారు, సాయంత్రానికి ఇక్కడికొచ్చేస్తాయి. ఏ గుంటలో ఏముందో ఆ తరవాత తెలీదు కూడా."

ప్రహరీ దాకా తోడొచ్చి, అమ్మ ఒక్కతే ఉందంటూ ఆయన వెళ్లిపోయాడు. యెహెజ్కేలు కాసేపు గోడకి ఆనుకుని నిలబడి, గుండె దాని చోటికి అది తిరిగొచ్చాక కదిలాడు.

దారి చీలిన చోట నేల మీద సున్నం లేదు. పల్లంరాజు అన్నట్టు ఎవరో చెరిపేశారు. కాకపోతే కాలితో కాదు. మట్టిలో అర్ధచంద్రాల్లా సన్నని గీతలున్నాయి, ఒకదాని మీద ఒకటి. చీపురు గీతలు. పరుగుకొచ్చిన కుర్రాడు చీపురు చంకన పెట్టుకుని పరిగెత్తడు.

మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఎర్రచీమల బారు ఒకటి దారికి అడ్డంగా పోతోంది. ప్రతి చీమ నోట్లోనూ తెల్లటి రవ్వ. వాటి దారిని వెనక్కి పట్టుకుని వెళితే, కుడి దారి మొదట్లో ఆగాడు. అక్కడ చీమలు కుప్పగా ఉన్నాయి. రాలిన మామిడాకు ఒకటి ఎత్తాడు. ఆకు కింద, చీమలింకా ముట్టని జానెడు మేర, తెల్లని గీత. దాని చివర బాణం మొన. మొన కాలవ వైపుకి ఉంది.

డబ్బా దులిపిన గీత కాదది. దారం పోగులా సన్నగా, ఎక్కడా వణుకు లేకుండా, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి జార్చిన గీత. చిటికెడు తీసి నాలిక మీద వేసుకున్నాడు. సున్నమైతే చుర్రుమనాలి. చప్పగా, మెత్తగా కరిగిపోయింది.

బియ్యప్పిండి.

దివాణం వెనక వంటిల్లు. వంటావిడ సంపూర్ణమ్మ ఆబ్దికం వంటల గిన్నెలు ముందేసుకుని, తోమకుండా వాటివైపే చూస్తూ కూర్చుంది.

"సంపూర్ణమ్మగారండీ, ముంగిట్లో ముగ్గు లేదేంటండి ఈవేళ?"

"తద్దినం రోజున ముగ్గెయ్యరు కదండి. మీవాళ్లలో ఆ పట్టింపు లేదు గాబోలు."

"లేదండి. ఇరుగూ పొరుగూ ఇళ్లల్లో చూసి తెలుసు. తెలిసే అడిగాను. ముగ్గుకి ఇక్కడ ఏం వాడతారండి?"

"ఊళ్లో అందరూ బండి మీదొచ్చే రాతిముగ్గు కొనుక్కుంటారండి. మా అమ్మగారు మటుకు బియ్యప్పిండే. చీమలకి నాలుగు మెతుకులు వేసినట్టుంటుందని. ఆ డబ్బా ఆవిడ తప్ప ఇంకోళ్లు ముట్టుకోరండి." అని, గూట్లో డబ్బా చూపించబోయి ఆగిపోయింది. డబ్బా మూత పక్కన పడి ఉంది. గూటి అంచున పిండి రాలి ఉంది. "అదేంటి, ఈవేళ ముట్టే పనే లేదే," అంది సంపూర్ణమ్మ, తనలో తను అనుకుంటున్నట్టు.

యెహెజ్కేలు లోపలి వసారా గుమ్మం దగ్గరికెళ్లి నిలబడ్డాడు. జానకీదేవి గారు ఉయ్యాలబల్ల మీద కూర్చున్నారు. డెబ్బై దాటిన మనిషి. పరాయి మగవాళ్ల ముందుకి రాని ఇంట్లో పెరిగి, ఇప్పటికీ తలుపు చాటు నుంచే మాట్లాడే అలవాటు పోలేదు. ఈవేళ ఆ తలుపు సంగతే మర్చిపోయారు.

"అమ్మగారండీ, కుడివైపు దారిలో బాణం మీరే గీశారు కదండి?"

ఉయ్యాల ఆగింది.

"ఎలా తెలిసింది?"

"చీమలు చెప్పాయండి."

"తెల్లారుతుండగా తులసి కోసం తోటలోకెళ్లాను, యెహెజ్కేలు గారూ. సున్నం బాణం కనబడింది. మా ముంగిట్లోకి. తోటలో పరిగెత్తమన్నాను గానీ ముంగిట్లో కాదు. అందులోనూ ఆయన తద్దినం. భోక్తలొచ్చే వేళకి నిక్కర్లేసుకుని పాతికమంది వరండా ముందు నుంచి చెమటలు కార్చుకుంటూ పోతే ఎలా? ఆ కుర్రాడికి కబురు చెయ్యొచ్చు. పరాయి పిల్లాడికి నేను కబురు చేయడమేమిటి, బాణం తిప్పేస్తే పోతుంది కదా అనుకున్నాను. చీపురుతో తుడిచి, కాలవ వైపుకి గీశాను. గట్టు పట్టుకుని రోడ్డెక్కేస్తారనుకున్నాను."

"ఈ సంగతి పొద్దున్నే ఎందుకు చెప్పలేదండి?"

"వాళ్లంతా ముంగిట్లోంచే వచ్చారుగా. నా బాణం ఎవరూ చూడలేదనుకున్నాను. మధ్యాహ్నం పిండాలు పెడుతుంటే అనుమానమొచ్చింది. ఒక్కళ్లు చూసుంటారేమోనని." చేతులు ఒళ్లో పెట్టుకుని వాటివైపే చూశారు. గోళ్ల సందుల్లో తెల్లటి పిండి ఇంకా ఉంది. "ఆ ఒక్కళ్లూ నా పిల్లేనేమో. నా నోటితో నేను ఎలా చెప్పను?"

"కాలవ దగ్గర ఏముందండి?"

"ఏముంది, తూము. మామగారు కట్టించింది. తోట చెడకుండా నేల కింద నుంచి ఇటుకల సొరంగం. ఎగువ మూతికి చెత్త రాకుండా ఇనప చువ్వలు. ఇటు దిగువ మూతికి తలుపు. తలుపు దించితే నీళ్లు సొరంగంలో నిండి పక్కనున్న పంట బోదెలోకి ఎక్కుతాయి. వేసవిలో కాలవకి నీళ్లు కట్టేసిన రోజుల్లో ఎత్తే ఉంచుతారు. ఎండిపోయి ఉంటుంది. మనిషి నడిచి…"

అక్కడ ఆగిపోయారు. ఎవరూ కల్లో కూడా అనుకోని దారి. ముళ్లకంప గట్టు. ఎదురుగా, శుభ్రంగా ఎండిన కాలవలో, తెరిచి ఉన్న సొరంగం. ఆగకూడదు, అడగకూడదు.

హాల్లో ఫోనుంది. పల్లంరాజు అప్పటికే రవితేజని తీసుకుని తణుకు బయల్దేరాడు. సెల్లు రెండో ప్రయత్నానికి కలిసింది.

"సీఐ గారూ, పైన కాలవ లాకుల దగ్గర నీళ్లు ఆపించండి. అమ్మాయి దివాణం తూములో ఉందండి."

"తూము పొద్దున మా వాళ్లు చూశారయ్యా. తలుపు దించేసి ఉంది. తూములు చూసుకునే ఇరిగేషన్ లస్కరు నీళ్లొస్తున్నాయని దించుంటాడు. మూసిన తలుపులోంచి పిల్ల ఎలా వెళ్తుంది?"

"వెళ్లాక మూశారేమోనండి."

"ఎవరు చెప్పారు నీకు?"

"చీలిక దగ్గర బియ్యప్పిండి బాణం ఉందండి. చీమలు తినగా మిగిలింది. ఈవేళ తద్దినమండి, ముంగిట్లో ముగ్గు లేదు, పిండి డబ్బా మూత తెరిచుంది. మీ ఇళ్లల్లోనూ వెయ్యరు కదండి, మీకు తట్టలేదా?"

అవతల నవ్వు. "తద్దినం పిండి చూపించి గోదావరి ఆపమంటావా? నాలుగు మండలాల రైతులు నారుమళ్లకి నీళ్ల కోసం కూర్చున్నారు. ఆపితే రేపు వాళ్ల చేతిలోంచి నన్నెవడు కాపాడతాడు? ఇంటికెళ్లి పడుకో యెహెజ్కేలూ."

ఫోను పెట్టేశాడు. యెహెజ్కేలు అమ్మిరాజుని పిలిచి, అంబాసిడరులో లాకుల దగ్గరికి పొమ్మన్నాడు. కాళ్లు పట్టుకుంటావో, కాలవలో దూకుతానంటావో, నీళ్లు ఆపించుకుని రా. తోటమాలి కొట్లోంచి గునపం ఒకటి లాక్కుని కాలవ వైపు పరిగెత్తాడు. ఆ రోజు ఆ దారిలో పరిగెత్తినవాళ్లలో అందరికన్నా ఆఖరు ఆయనే, అందరికన్నా లావూ ఆయనే. వెనకాల ఎవరో వస్తున్న చప్పుడు. ఈసారి తిరిగి చూశాడు. జానకీదేవి గారు, చెప్పుల్లేకుండా.

పొద్దు వాలిపోతోంది. కాలవ ఒండ్రు ఎండి బీటలు వారింది. మెత్తగా మిగిలిన చోట బూటు అడుగులు పడ్డాయి, పరుగు బూటు, వెడంగా, మునివేళ్ల మీద. తూము తలుపు దాకా వెళ్లాయి. వెనక్కి రాలేదు.

తలుపు కింద అడవి తీగ ఒకటి నలిగి చిక్కుకుంది. ఆకులు ఇంకా పచ్చగా ఉన్నాయి. నిన్న దించి ఉంటే ఈ ఎండకి ఈపాటికి వడిలి నల్లబడాలి. ఇది ఈ పొద్దున దించిన తలుపు.

యెహెజ్కేలు ఇనప రేకుకి చెవి ఆనించాడు. ఏమీ లేదు. ఊపిరి బిగపట్టాడు. లోపల ఎక్కడో, చాలా లోతున, రాయితో ఇటుక మీద కొడుతున్న చప్పుడు. ఒకటి. చాలాసేపటికి ఇంకొకటి. కొట్టే చేతిలో ఓపిక లేదని ఆ చప్పుడే చెబుతోంది.

"అమ్మలూ," అన్నారు జానకీదేవి గారు తలుపు మీద అరిచేతులు పెట్టి. "అమ్మలూ, నేనే."

జవాబుగా వచ్చింది మనిషి గొంతు కాదు. దూరంగా వంతెన మీద గూడ్సుబండి పోతున్నట్టు ఒక ఉరుము, ఆగకుండా. అది దగ్గరవుతోంది. తలుపు అంచు నుంచి ముందు గాలి తన్నుకొచ్చింది, కుళ్లిన ఆకుల వాసనతో. ఆ తరవాత రెండు కప్పలు సందులోంచి దూరి బయటపడి, ఎవరో తరుముతున్నట్టు ఎగిరిపోయాయి. ఆ తరవాత నీళ్లు, సన్నని చారగా.

ఎగువ మూతికి కాలవ నీళ్లు చేరాయి.

తలుపు మీద మర ఉంది, దాన్ని తిప్పే చక్రం లేదు. ఎవరో తీసేశారు. యెహెజ్కేలు మర తలకాయలో ఉన్న బెజ్జంలో గునపం దూర్చి నెట్టాడు. కదల్లేదు. చేతుల్లోంచి చెమటకి జారిపోయింది. బొటనవేలు చిట్లింది. మళ్లీ దూర్చాడు. కిర్రుమని మర పావు చుట్టు తిరిగింది. లోపల రాయి చప్పుడు ఆగిపోయింది.

"ఉండండి, నేనూ పడతాను," అంటూ శ్రీనివాసరాజు గట్టు మీంచి పరిగెత్తుకొచ్చాడు. కండువా నడుముకి చుట్టి గునపం రెండో కొన పట్టుకున్నాడు. ఇద్దరూ బలం పెట్టారు. చిత్రం, ఒక్కడు నెడితే తిరిగిన మర ఇద్దరు నెడితే బిగుసుకుంది. తలుపు అంచు నుంచి చిమ్ముతున్న నీళ్లు యెహెజ్కేలు మోకాళ్లు దాటి నడుముకి కొడుతున్నాయి. తన బలం అయిపోయిందనీ, పిల్ల లోపల నీళ్లు మింగుతోందనీ, చెవిలో ఎవరో చెబుతున్నట్టుంది.

జానకీదేవి గారు పమిట బొడ్లో దోపారు. "నువ్వు జరగరా శీనూ. నీ చేతులు వణుకుతున్నాయి," అని కొడుకుని పక్కకి తోసి, గునపం కొన తన చేతుల్లోకి తీసుకున్నారు. జన్మలో మగవాడి పక్కన నిలబడి పనిచెయ్యని మనిషి భుజానికి భుజం ఆనించి నెట్టింది. మర తిరిగింది. ఒక చుట్టు. రెండో చుట్టు. తలుపు మూరెడు లేచేసరికి లోపలి నీళ్లు ఒక్కుమ్మడిగా బయటికి దూకాయి. యెహెజ్కేలు వెల్లకిలా పడ్డాడు. ఆకులు, కొమ్మలు, చచ్చిన పాము ఒకటి, వాటి వెనక తెల్లటి బూటు.

జుట్టు పట్టుకుని లాగి గట్టు మీద పడేశారు గీతికని. బోర్లా తిప్పి వీపు మీద చరిస్తే నీళ్లు కక్కింది. వేళ్ల చివర్లు ఇటుకలకి గీరుకుని నెత్తురు కారుతున్నాయి. కళ్లు తెరిచింది. నాయనమ్మని చూసింది. చూసి, "తద్దినం భోజనం నాకు ఉంచావా, తినేశారా?" అని నవ్వింది. ఆ నవ్వుకి జానకీదేవి గారు భోరున ఏడ్చారు. శ్రీనివాసరాజు తువ్వాలు తెచ్చి కప్పాడు. నా కారు గట్టు మీదే ఉంది, తణుకు ఆసుపత్రికి తీసుకెళ్తాను పద తల్లీ అన్నాడు. లోకంలో ఇంతకన్నా మంచి ముగింపు ఉండదు.

ఈ అధ్యాయంలో నేను చేసిన కోతలు చాలానే ఉన్నా, చీమలు నిజం, పిండి నిజం, పెద్దావిడ చేతులు కూడా నిజమే. కల్పించింది ఒక్కటే, ఆ నవ్వు. పిల్ల నీళ్లలోంచి బయటపడితే ఒక నవ్వు నవ్వించకుండా ఎలా ఉంటామని రాసేశాను. నవ్వలేదు. భోజనం మాట అసలే ఎత్తలేదు.

జరిగిందేమిటంటే, తువ్వాలు ఒంటి మీద పడగానే గీతిక బిగుసుకుపోయింది. నాయనమ్మ వైపు కూడా చూడకుండా, నెత్తురు కారే వేళ్లతో యెహెజ్కేలు మణికట్టు పట్టుకుని, తల ఆయన ఛాతీకి ఆనించింది. ఏడుస్తోందనుకున్నారు మిగతా ఇద్దరూ. ఆ పిల్ల పెదవులు కదలకుండా మాట్లాడుతోంది.

"చువ్వల దాకా వెళ్లి వెనక్కొస్తుంటే తలుపు దిగుతోందండి. ఆగమని అరిచాను. వంగి నన్ను చూశాడు. చూసి, మిగతాది కూడా తిప్పేశాడు." ఊపిరి అందక ఆగింది. "నన్ను బాబాయి కారు ఎక్కనివ్వకండి."

అంబాసిడరు లాకుల దగ్గరుంది. పల్లంరాజు తణుకు దారిలో ఉన్నాడు. గునపం ఎక్కడ పడిందో అని యెహెజ్కేలు కళ్లతో వెతికాడు. అది శ్రీనివాసరాజు చేతిలో ఉంది.

"బాబాయితో వెళ్లు తల్లీ," అంటున్నారు జానకీదేవి గారు, మనవరాలి తల నిమురుతూ. "నీ కోసం పొద్దున్నించీ వాడు తిండి కూడా తినలేదు."